యూనిట్ – 14: కోడ్ జనరేటర్‌ను మెరుగుపరచడం – రస్ట్ భాషలో ప్రోటోకాల్ బఫర్లు

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు

• ప్రోటోకాల్ బఫర్ సందేశం బైట్లుగా ఎలా మారుతుందో లెక్కవేసి చూపగలుగుతారు.
• ప్రోస్ట్ అనే ఓపెన్ సోర్స్ రస్ట్ కోడ్ జనరేటర్‌లోని మూడు పొరలను గుర్తించగలుగుతారు.
• జనరేటర్‌లో చేసే ప్రతి మార్పు ఎవరెవరి మీద ప్రభావం చూపుతుందో విశ్లేషించగలుగుతారు.
• ఒక మెరుగుదలను ప్రతిపాదించే ముందు వేయవలసిన అడుగులను వరుసగా వివరించగలుగుతారు.

సూచన: ఈ యూనిట్‌లో ప్రోగ్రామింగ్ పదాలన్నింటినీ ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో రాశాం. కంప్యూటర్‌లో టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలనే వాడాలి. బైట్ల విలువలను సులువుగా ఉండేందుకు దశాంశ సంఖ్యలలో ఇచ్చాం.

14.1 పరిచయం

ఇంతకు ముందు యూనిట్లలో మీరు కంపైలర్ గురించి చదివారు. కంపైలర్ మనం రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మారుస్తుంది. కోడ్ జనరేటర్ కూడా దానికి దగ్గరి బంధువే. అయితే అది యంత్రభాషను కాక, మనం చదవగలిగే మరో ప్రోగ్రామును రాసిపెడుతుంది. ఒక చిన్న వివరణ ఇస్తే, దాని నుంచి వందల పంక్తుల కోడ్‌ను తయారు చేస్తుంది.

మామూలు ప్రోగ్రాములో తప్పు ఉంటే, ఆ ప్రోగ్రాము ఒక్కటే దెబ్బతింటుంది. కోడ్ జనరేటర్‌లో తప్పు ఉంటే, దాన్ని వాడిన ప్రతి ప్రోగ్రాములోకీ ఆ తప్పు చేరుతుంది. మెరుగుదల విషయంలోనూ ఇంతే. మీరు మంచిదనుకుని చేసిన మార్పు, మీకు ముఖపరిచయం కూడా లేని వారి ప్రోగ్రాములను కంపైల్ కాకుండా ఆపివేయవచ్చు. అందుచేత జనరేటర్‌ను మెరుగుపరచేవారు "ఈ మార్పు పనిచేస్తుందా?" అని మాత్రమే కాక, "ఈ మార్పు ఎవరికిచ్చిన మాటను మారుస్తుంది?" అని కూడా అడగాలి. ఈ యూనిట్‌లో మనం నేర్చుకోబోయే ముఖ్య విషయం ఇదే.

14.2 ప్రోటోకాల్ బఫర్లు: ఒక సందేశం బైట్లుగా మారే తీరు

వేర్వేరు భాషల్లో రాసిన ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకోవడానికి గూగుల్ సంస్థ 2001 ప్రాంతంలో ప్రోటోకాల్ బఫర్లను తన అంతర్గత అవసరాల కోసం రూపొందించింది. 2008లో వీటిని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. ఇందులో మొదట సందేశం ఆకృతిని ఒక ఫైలులో రాస్తాం. దీన్ని స్కీమా అంటారు. ఉదాహరణకు, ఒక విద్యార్థి వివరాల స్కీమా ఇలా ఉందనుకోండి.

మెసేజ్ స్టూడెంట్ {
  ఇంట్32 హాల్_టికెట్ = 1;
  స్ట్రింగ్ నేమ్ = 2;
  ఆప్షనల్ ఇంట్32 మార్క్స్ = 3;
  మీడియం మీడియం = 4;
}

ఇక్కడ 1, 2, 3, 4 అనేవి విలువలు కావు. అవి ఫీల్డు సంఖ్యలు. బైట్లలోకి మారేటప్పుడు ఫీల్డు పేరు వెళ్ళదు, ఫీల్డు సంఖ్యే వెళుతుంది. సందేశం చిన్నదిగా ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణం.

ప్రతి ఫీల్డుకు ముందు ఒక ట్యాగ్ వస్తుంది. దాని సూత్రం:

ట్యాగ్ = (ఫీల్డు సంఖ్య × 8) + వైర్ టైపు

పూర్ణాంకాలకు వైర్ టైపు 0. స్ట్రింగులకు, బైట్లకు, లోపలి సందేశాలకు వైర్ టైపు 2. ఈ రెండో రకంలో ట్యాగ్ తరువాత పొడవు, ఆ తరువాత అసలు సమాచారం వస్తాయి.

ఇప్పుడు హాల్ టికెట్ సంఖ్య 300 అనుకుందాం. ట్యాగ్ = (1 × 8) + 0 = 8. ఇక 300ను వేరింట్ అనే పద్ధతిలో రాయాలి. వేరింట్‌లో ఒక్కో బైటు 7 బిట్ల విలువను మోస్తుంది. ఇంకా బైట్లు మిగిలి ఉంటే ఎనిమిదో బిట్ 1 అవుతుంది, అంటే 128 కలుస్తుంది. 300 = (2 × 128) + 44. ముందు చిన్న భాగాన్ని రాస్తాం: 44 + 128 = 172. తరువాత 2. కాబట్టి మొత్తం బైట్లు 8, 172, 2.

పేరు "కావేరి" అనుకుందాం. కంటికి మూడు అక్షరాలే. కాని యూనికోడ్‌లో హల్లు వేరు, గుణింతపు గుర్తు వేరు. కాబట్టి క, ా, వ, ే, ర, ి అనే ఆరు సంకేతాలు ఉంటాయి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. అంటే పొడవు 18. ట్యాగ్ = (2 × 8) + 2 = 18. కనుక ఈ ఫీల్డు 18, 18 అని మొదలై, తరువాత పేరులోని 18 బైట్లు వస్తాయి. మొదటి 18 ట్యాగ్. రెండో 18 పొడవు. విలువ ఒకటే అయినా అర్థాలు వేరు. చదివే ప్రోగ్రాము ఒక్క బైటు పక్కకు జరిగినా ఆ తరువాత సందేశమంతా తప్పుగా అర్థమవుతుంది.

మూడో ఫీల్డు మీద ప్రత్యేక దృష్టి పెట్టండి. ప్రోటో3 నియమం ప్రకారం, ఆప్షనల్ అనే మాట లేని పూర్ణాంక ఫీల్డులో విలువ 0 అయితే దాన్ని బైట్లలో రాయరు. అప్పుడు సున్నా మార్కులు వచ్చిన విద్యార్థికి, అసలు పరీక్షే రాయని విద్యార్థికి బైట్లలో తేడా ఉండదు. ఆప్షనల్ అని రాస్తే, సున్నా మార్కులు వచ్చినప్పుడు 24, 0 అనే రెండు బైట్లు వెళతాయి. పరీక్ష రాయకపోతే ఏమీ వెళ్ళవు. మార్కుల జాబితాలో ఈ తేడా ఎంత ముఖ్యమో మీకు వేరే చెప్పనక్కరలేదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
(అ) ఫీల్డు సంఖ్య 5 గల స్ట్రింగ్‌కు ట్యాగ్ విలువ ఎంత?
(ఆ) 500 అనే సంఖ్యను వేరింట్ బైట్లుగా రాయండి.

14.3 ప్రోస్ట్: మూడు పొరలు

రస్ట్ భాష మొదటి స్థిర కూర్పు 2015 మే నెలలో వెలువడింది. రస్ట్‌లో ప్రోటోకాల్ బఫర్ల కోసం ఒకటికి మించి సాధనాలు ఉన్నాయి. వాటిలో ప్రోస్ట్ విరివిగా వాడుకలో ఉంది. టోనిక్ అనే జీఆర్‌పీసీ లైబ్రరీ దీని మీద ఆధారపడి రూపొందింది. ప్రోస్ట్ అపాచీ 2.0 లైసెన్సు కింద లభిస్తుంది కాబట్టి, దాని కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, మార్పులను ప్రతిపాదించవచ్చు.

ప్రోస్ట్ పనిని మూడు పొరలుగా అర్థం చేసుకోవాలి.

మొదటి పొర – ప్రోస్ట్-బిల్డ్. స్కీమా ఫైళ్ళను ప్రోటోసీ అనే కంపైలర్ చదివి, వాటి సారాన్ని ఒక వర్ణన పట్టికగా ఇస్తుంది. ప్రోస్ట్-బిల్డ్ ఆ పట్టికను చూసి రస్ట్ స్ట్రక్ట్‌లను పాఠ్యరూపంలో రాస్తుంది. ప్రోస్ట్ 0.11 కూర్పు నుంచి ప్రోటోసీని వాడుకరి తన కంప్యూటర్‌లో విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

రెండో పొర – ప్రోస్ట్-డిరైవ్. ఇది ఒక ప్రొసీజరల్ మాక్రో. మొదటి పొర రాసిన స్ట్రక్ట్‌ను రస్ట్ కంపైలర్ కంపైల్ చేసేటప్పుడు, ఆ స్ట్రక్ట్‌ను బైట్లుగా మార్చే ఫంక్షన్లు, బైట్ల నుంచి తిరిగి తెచ్చే ఫంక్షన్లు, పొడవు లెక్కించే ఫంక్షన్లు ఈ పొరలో తయారవుతాయి.

మూడో పొర – ప్రోస్ట్ లైబ్రరీ. వేరింట్ చదవడం, ట్యాగ్ విడదీయడం వంటి అందరికీ అవసరమైన పనులు ఇందులో ఉంటాయి.

మన స్టూడెంట్ స్కీమా నుంచి మొదటి పొర తయారు చేసే స్ట్రక్ట్ సుమారుగా ఇలా ఉంటుంది.

హాల్_టికెట్ : ఐ32
నేమ్ : స్ట్రింగ్
మార్క్స్ : ఆప్షన్<ఐ32>
మీడియం : ఐ32

మార్క్స్‌కు ఆప్షన్ ఎందుకు వచ్చిందో పైన చూశాం. విలువ లేకపోవడానికీ సున్నాకూ మధ్య తేడాను రస్ట్ టైపే కాపాడుతోంది.

ఏ తప్పు ఏ పొరలో ఉందో తెలుసుకోవడం కేవలం చక్కగా కనిపించడం కోసం కాదు. దిద్దుబాటు వాడుకరిని చేరే దారి పొరను బట్టి మారుతుంది. లైబ్రరీలో దిద్దితే, వాడుకరి కొత్త కూర్పును తెచ్చుకుని మళ్ళీ కంపైల్ చేస్తే చాలు. మాక్రోలో దిద్దినా అంతే. కాని మొదటి పొరలో దిద్దితే, స్కీమా నుంచి కోడ్‌ను మళ్ళీ తయారు చేయాలి. తయారైన కోడ్‌ను తమ ప్రాజెక్టులో భద్రపరచుకుని దాన్నే వాడే బృందాలూ ఉన్నాయి. వారు తిరిగి తయారు చేసేదాకా పాత కోడే నడుస్తుంది. కనుక భద్రతకు సంబంధించిన దిద్దుబాటును వీలైనంత వరకు లైబ్రరీ పొరలోనో, మాక్రో పొరలోనో చేయడం మేలు.

14.4 జనరేటర్ నిలబెట్టుకోవలసిన మూడు ఒప్పందాలు

ఒక జనరేటర్ ముగ్గురికి మాట ఇచ్చినట్లు లెక్క.

1. బైట్ల ఒప్పందం. ఇది అవతలి ప్రోగ్రాముతో. అవతల జావాలోనో, గో భాషలోనో రాసిన ప్రోగ్రాము ఉండవచ్చు. ప్రోస్ట్ రాసిన బైట్లు దానికి అర్థం కావాలి; అది రాసిన బైట్లు ప్రోస్ట్‌కు అర్థం కావాలి.

2. టైపుల ఒప్పందం. ఇది జనరేటర్ తయారు చేసిన స్ట్రక్ట్‌లను వాడే రస్ట్ ప్రోగ్రామర్‌తో. ఫీల్డు పేర్లు, టైపులు, ట్రైట్లు మారితే ఆయన కోడ్ కంపైల్ కాదు.

3. కాలపు ఒప్పందం. ఇది రేపటి స్కీమాతో. స్కీమాకు కొత్త ఫీల్డులు చేరుతూ ఉంటాయి. పాత ప్రోగ్రాములు, కొత్త ప్రోగ్రాములు కొంతకాలం పక్కపక్కనే నడుస్తాయి. రెండూ ఒకదాన్నొకటి భరించగలగాలి.

ఈ మూడూ ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో మన నాలుగో ఫీల్డులో చూడవచ్చు. మీడియం అనేది తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ అనే విలువలు గల ఎన్యూమరేషన్. రస్ట్‌లో చక్కని ఎనమ్ ఉండగా, ప్రోస్ట్ ఆ ఫీల్డును ఐ32గా ఎందుకు ఉంచింది? రేపు ఎవరైనా హిందీ అనే నాలుగో విలువను చేర్చవచ్చు. పాత ప్రోగ్రాముకు ఆ విలువ తెలియదు. కాని ప్రోటో3 నియమం ప్రకారం తెలియని విలువను కూడా కాపాడాలి. రస్ట్ ఎనమ్‌లో జాబితాలో లేని విలువను ఉంచడం భాష నియమాలకు విరుద్ధం. అలా చేస్తే ప్రోగ్రాము ప్రవర్తనకు ఏ హామీ ఉండదు. అందువల్ల కాలపు ఒప్పందం కోసం టైపుల సౌకర్యాన్ని కొంత వదులుకున్నారు. అవసరమైనప్పుడు ఐ32 నుంచి ఎనమ్‌కు మార్చుకునే ఫంక్షన్‌ను జనరేటర్ విడిగా ఇస్తుంది.

ఈ మార్పిడి ఫంక్షన్‌లో జరిగిన మెరుగుదల కూడా గమనించదగినది. మొదట ఫ్రమ్_ఐ32 అనే ఫంక్షన్ ఉండేది. తరువాత రస్ట్‌లో అందరికీ అలవాటైన ట్రైఫ్రమ్ ట్రైట్‌ను జనరేటర్ అందించసాగింది. అయితే పాత ఫంక్షన్‌ను వెంటనే తీసివేయలేదు. దానికి 'డెప్రికేటెడ్' అనే గుర్తు తగిలించారు. పాత పేరు వాడినవారి కోడ్ కంపైల్ అవుతుంది, కాని కంపైలర్ హెచ్చరిస్తుంది. టైపుల ఒప్పందాన్ని మార్చవలసి వచ్చినప్పుడు పాటించదగిన మర్యాద ఇదే.

14.5 మెరుగుదలలు: మూడు సందర్భాలు

14.5.1 లోతుకు హద్దు పెట్టడం

ఒక సందేశంలో అదే రకం సందేశం ఉండవచ్చు. ఉదాహరణకు, ఒక వ్యాఖ్యకు జవాబుగా మరో వ్యాఖ్య, దానికి జవాబుగా ఇంకొకటి. ఇలాంటి స్కీమాకు స్ట్రక్ట్ తయారు చేయడంలోనే ఒక చిక్కు ఉంది. రస్ట్‌లో స్ట్రక్ట్ పరిమాణం కంపైల్ సమయంలో తెలియాలి. తనలో తననే దాచుకున్న స్ట్రక్ట్ పరిమాణానికి అంతం ఉండదు. అందుకని ప్రోస్ట్-బిల్డ్ సందేశాల మధ్య సంబంధాలను ఒక గ్రాఫ్‌గా గీసి, చక్రం కనిపించిన చోట ఫీల్డును బాక్స్‌లో పెడుతుంది. బాక్స్ అంటే హీప్‌లో ఉన్న విలువకు చిరునామా; దాని పరిమాణం స్థిరం.

స్ట్రక్ట్ సమస్య దీనితో తీరింది. డీకోడ్ చేసేటప్పుడు మరో సమస్య వచ్చింది. లోపలి సందేశాన్ని చదవడానికి డీకోడ్ ఫంక్షన్ తనను తానే పిలుచుకుంటుంది. ప్రతి పిలుపుకూ స్టాక్‌లో కొంత స్థలం ఖర్చవుతుంది. ఒక్కో అంతస్తుకు పంపేవారికి పట్టేది కొద్ది బైట్లే. కాబట్టి దురుద్దేశం ఉన్నవారు వేల అంతస్తులు గల సందేశాన్ని తేలికగా తయారు చేసి పంపవచ్చు. దాన్ని చదవబోయి ప్రోగ్రాము స్టాక్ నిండిపోతుంది.

ప్రోస్ట్‌లో ఈ లోపాన్ని 2020లో రస్ట్ భద్రతా హెచ్చరికల పట్టికలో నమోదు చేశారు. ఎక్స్86 వంటి యంత్రాల మీద ప్రోగ్రాము ఆగిపోతుందని, స్టాక్ హద్దును పరీక్షించే ఏర్పాటు లేని యంత్రాల మీద మెమరీ పాడయ్యే ప్రమాదం కూడా ఉందని ఆ హెచ్చరిక చెప్పింది. 0.6.1 కూర్పులో దీన్ని సరిదిద్దారు.

సరిదిద్దిన పద్ధతి సరళమైనది. డీకోడ్ ఫంక్షన్లకు సందర్భం అనే ఒక అదనపు పారామీటరును అందిస్తారు. అందులో 100 అనే లెక్క ఉంటుంది. ఒక్కో అంతస్తు లోపలికి వెళ్ళినప్పుడు ఒకటి తగ్గుతుంది. సున్నాకు చేరితే డీకోడ్ లోపాన్ని తిరిగి ఇస్తుంది. ప్రోగ్రాము కూలిపోదు, "ఈ సందేశాన్ని చదవలేను" అని చెబుతుంది. ప్రోటోకాల్ బఫర్ల సీ++, జావా అమలుల్లో కూడా సహజ హద్దు 100. అందువల్ల ఈ సంఖ్య ఎంపిక బైట్ల ఒప్పందానికి అనుగుణంగానే ఉంది.

ఈ మార్పు వల్ల నష్టపోయేవారు లేరా? నిజంగానే 100కు మించిన లోతు గల సందేశాలు వాడేవారు ఉండవచ్చు. వారి కోసం హద్దును తొలగించుకునే ఒక ఫీచర్‌ను విడిగా ఇచ్చారు. ఇక్కడి సూత్రాన్ని గుర్తుంచుకోండి: ఏ అమరికా చేయనివారికి సురక్షితమైన ప్రవర్తన దక్కాలి, ప్రమాదం తెలిసి కోరుకున్నవారు మాత్రమే హద్దు దాటాలి.

14.5.2 ట్రైట్లను తానే చేర్చడం

రస్ట్‌లో కాపీ, ఈక్యూ, హ్యాష్ వంటి ట్రైట్లు ఉంటే స్ట్రక్ట్‌ను వాడటం సులువు. హ్యాష్, ఈక్యూ రెండూ ఉంటే దాన్ని హ్యాష్‌మ్యాప్‌లో కీగా వాడుకోవచ్చు. కాపీ ఉంటే విలువను మరోచోటికి ఇచ్చినా మన దగ్గర మిగులుతుంది. ప్రోస్ట్ 0.13 నుంచి వీలున్న సందేశాలకు కాపీని, 0.14 నుంచి ఈక్యూను, హ్యాష్‌ను జనరేటరే చేర్చుతోంది.

వీలున్నదని జనరేటర్ ఎలా తేల్చుకుంటుంది? స్ట్రింగ్ ఉన్న స్ట్రక్ట్‌కు కాపీ కుదరదు, ఎందుకంటే స్ట్రింగ్ హీప్‌లో తన సొంత స్థలాన్ని ఉంచుకుంటుంది. దశాంశ సంఖ్యలు ఉన్న స్ట్రక్ట్‌కు ఈక్యూ కుదరదు. వాటిలో 'సంఖ్య కానిది' అనే ప్రత్యేక విలువ ఉంది. అది తనతో తానే సమానం కాదు. ఈక్యూ కోరేది ప్రతి విలువా తనతో తాను సమానం కావాలని. ఇక ఫీల్డులో మరో సందేశం ఉంటే, దాని ఫీల్డులను కూడా చూడాలి. ఆ సందేశం తిరిగి మొదటిదాన్ని సూచిస్తే వెతుకులాట ఎప్పటికీ తెమలదు. అందుకని ఇంతకు ముందు చూసిన గ్రాఫ్‌లో, చక్రంలో పడకుండా జాగ్రత్తపడుతూ నడవాలి.

ట్రైట్‌ను చేర్చడం వల్ల ఎవరికీ ఇబ్బంది ఉండదని తోస్తుంది. కాని ఇందులో రెండు చిక్కులు ఉన్నాయి.

మొదటిది: ఎవరైనా తమ సందేశానికి కాపీని తామే రాసుకుని ఉంటే, ఇప్పుడు అది రెండుసార్లు వచ్చినట్లవుతుంది. రస్ట్ దీన్ని అంగీకరించదు. పాత కోడ్ కంపైల్ కాదు. అందుకే ఈ మార్పును కొత్త ప్రధాన కూర్పులో మాత్రమే విడుదల చేయాలి. కార్గో లెక్కలో 0.12 నుంచి 0.13కు వెళ్ళడం ఒప్పందం మారిన అడుగు, 0.13.1 నుంచి 0.13.2కు వెళ్ళడం మారని అడుగు.

రెండోది మరింత లోతైనది. ఈ రోజు రెండు పూర్ణాంకాలు మాత్రమే ఉన్న సందేశానికి కాపీ వచ్చింది. వాడుకరి దాని మీద ఆధారపడి కోడ్ రాశాడు. ఆరు నెలల తరువాత స్కీమాకు ఒక స్ట్రింగ్ ఫీల్డు చేరింది. ప్రోటోకాల్ బఫర్ల దృష్టిలో ఇది పూర్తిగా సురక్షితమైన మార్పు. కాని కాపీ మాయమవుతుంది. వాడుకరి కోడ్ కంపైల్ కాదు. అంటే టైపుల సౌకర్యం కోసం చేసిన మెరుగుదల కాలపు ఒప్పందం మీద కొంత భారం వేసింది. లాభం ఎక్కువా, భారం ఎక్కువా అన్నది చర్చించదగిన ప్రశ్నే. ఆ భారం ఉందని ముందే తెలిసి నిర్ణయించడం ముఖ్యం.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
(అ) రెండు దశాంశ ఫీల్డులు మాత్రమే ఉన్న సందేశానికి కాపీ కుదురుతుందా? ఈక్యూ కుదురుతుందా?
(ఆ) ప్రోస్ట్-బిల్డ్‌లో చేసిన దిద్దుబాటు వాడుకరిని చేరాలంటే ఏం జరగాలి?

14.5.3 తెలియని ఫీల్డులను కాపాడటం

మూడు కార్యాలయాలను ఊహించుకోండి. మొదటి కార్యాలయం కొత్త స్కీమాతో విద్యార్థి వివరాలు పంపుతుంది. అందులో 5వ ఫీల్డుగా ఉపకారవేతనం వివరం ఉంది. మధ్య కార్యాలయం పాత స్కీమాతో నడుస్తోంది. అది సందేశాన్ని చదివి, హాల్ టికెట్ సంఖ్యను సరిచూసి, మళ్ళీ బైట్లుగా రాసి మూడో కార్యాలయానికి పంపుతుంది. 5వ ఫీల్డు మధ్య కార్యాలయానికి తెలియదు. మూడో కార్యాలయానికి ఉపకారవేతనం వివరం చేరుతుందా?

ప్రోటోకాల్ బఫర్ల అధికారిక అమలుల్లో ప్రోటో3 కూడా 3.5 కూర్పు నుంచి, అంటే 2017 నుంచి, తెలియని ఫీల్డులను అట్టే పెట్టి తిరిగి రాస్తోంది. ప్రోస్ట్ మాత్రం సహజంగా తెలియని ఫీల్డును దాటేసి ముందుకు వెళుతుంది. కాబట్టి మధ్య కార్యాలయం ప్రోస్ట్‌తో నడిస్తే వివరం పోతుంది. ఏ లోపమూ కనిపించదు, ఏ హెచ్చరికా రాదు.

దీన్ని ఎలా మెరుగుపరచాలి? వెంటనే తట్టే ఉపాయం: ప్రతి స్ట్రక్ట్‌కు 'తెలియని ఫీల్డులు' అనే మరో ఫీల్డు చేర్చి, చదవలేని బైట్లను అందులో దాచడం. దాని పర్యవసానాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

• ప్రోస్ట్ స్ట్రక్ట్‌లను వాడుకరులు అన్ని ఫీల్డులకూ విలువలిస్తూ నేరుగా నిర్మిస్తారు. కొత్త ఫీల్డు చేరితే అలా రాసిన ప్రతి చోటా కంపైల్ లోపం వస్తుంది.
• దాచిన బైట్లు హీప్‌లో ఉండాలి. అప్పుడు ఏ సందేశానికీ కాపీ కుదరదు. 14.5.2లో చూసిన మెరుగుదల రద్దయినట్లే.
• తెలిసిన ఫీల్డులన్నీ ఒకటే అయి, తెలియనివి వేరైతే ఆ రెండు సందేశాలు సమానమా, కాదా? దీన్ని కొత్తగా తేల్చాలి.
• తెలియని ఫీల్డులు ఎప్పుడూ రాని వారికి కూడా మెమరీ ఖర్చు పెరుగుతుంది.

రెండో ఉపాయం: కోరిన సందేశాలకు మాత్రమే ఈ ఏర్పాటు ఉండేలా ప్రోస్ట్-బిల్డ్‌లో ఒక అమరిక ఇవ్వడం. కోరనివారి స్ట్రక్ట్‌లు యథాతథంగా ఉంటాయి. మధ్యవర్తి ప్రోగ్రాములు రాసేవారు కోరుకుంటారు. టైపుల ఒప్పందం చెడదు. కాలపు ఒప్పందం కావలసినవారికి దక్కుతుంది.

మూడో ఉపాయం జనరేటర్‌కు బయట ఉంది: మధ్యవర్తి ప్రోగ్రాము సందేశాన్ని మార్చనప్పుడు, తాను అందుకున్న అసలు బైట్లనే ముందుకు పంపాలి. కోడ్ రాయకముందే ఈ ప్రశ్న వేసుకోవాలి. కొన్ని సమస్యలకు పరిష్కారం వాడుక పద్ధతిలోనే దొరుకుతుంది.

గూగుల్ సంస్థ స్వయంగా అందిస్తున్న రస్ట్ అమలు వేరే దారి పట్టింది. అందులో స్ట్రక్ట్ ఫీల్డులు బయటికి కనిపించవు. ఫంక్షన్ల ద్వారానే విలువలు తీసుకోవాలి, పెట్టాలి. లోపలి ఏర్పాటును ఎలా మార్చినా వాడుకరి కోడ్ చెడదు. ప్రోస్ట్‌లో మామూలు రస్ట్ స్ట్రక్ట్ వాడుతున్న సౌకర్యం ఉంది. అందులో ఆ స్వేచ్ఛ ఉంది. రెండింటినీ ఒకేసారి పూర్తిగా పొందడం కుదరదు.

14.6 ఒక మార్పును ప్రతిపాదించే క్రమం

మీరు ప్రోస్ట్‌కు గాని, అటువంటి మరో జనరేటర్‌కు గాని మెరుగుదల చేయదలిస్తే ఈ వరుసను పాటించండి.

1. సమస్యను అతి చిన్న స్కీమాతో చూపండి. రెండు మూడు ఫీల్డులకు మించకుండా ఉంటే మంచిది. చాలాసార్లు స్కీమాను తగ్గిస్తూ పోతేనే కారణం బయటపడుతుంది.

2. ఏ పొరలో మార్చాలో తేల్చండి. 14.3లోని మూడు పొరలను, దిద్దుబాటు చేరే దారిని గుర్తు తెచ్చుకోండి.

3. మార్పుకు ముందే, ఇప్పుడు విఫలమయ్యే పరీక్షను రాయండి. మార్పు తరువాత అది నెగ్గాలి.

4. జనరేటర్ కోడ్‌ను మాత్రమే కాక, అది తయారు చేసిన కోడ్‌ను చదవండి. ప్రోస్ట్-బిల్డ్‌లో ఒక్కో నమూనా స్కీమాకు రావలసిన ఫలితాన్ని ఫైళ్ళలో భద్రపరచి ఉంచారు. మీ మార్పు తరువాత ఆ ఫైళ్ళలో ఏ పంక్తులు మారాయో చూడండి. మీరు ఊహించని పంక్తి ఒక్కటి మారినా కారణం తెలిసేదాకా ముందుకు వెళ్ళవద్దు.

5. పేర్ల విషయంలో మూలమూలలా వెతకండి. ఫీల్డు పేరు 'టైప్' అయితే? అది రస్ట్‌లో కీలకపదం కాబట్టి జనరేటర్ దాని ముందు ప్రత్యేక గుర్తు చేర్చుతుంది. 'సెల్ఫ్' అయితే ఆ గుర్తు కుదరదు. చివర అండర్‌స్కోర్ చేర్చుతుంది. ఎన్యూమరేషన్ విలువల ముందున్న ఉమ్మడి పేరును తీసివేస్తే 'పేపర్_1' అనేది '1'గా మిగులుతుంది. అంకెతో మొదలయ్యే పేరును రస్ట్ ఒప్పుకోదు కనుక అక్కడ ఉమ్మడి పేరును ఉంచేయాలి.

6. కన్ఫార్మెన్స్ పరీక్షలను నడపండి. ఇవి అన్ని భాషల అమలులూ ఒకే విధంగా ప్రవర్తిస్తున్నాయా అని చూసే ప్రోటోకాల్ బఫర్ల ఉమ్మడి పరీక్షలు. బైట్ల ఒప్పందానికి ఇవే సాక్ష్యం.

7. వేగం పెరుగుతుందని చెబితే కొలిచి చూపండి. మార్పుకు ముందు, తరువాత ఒకే యంత్రం మీద, ఒకే సందేశాలతో కొలవాలి.

8. మూడు ఒప్పందాలలో దేన్ని తాకుతున్నారో ప్రతిపాదనలో స్పష్టంగా రాయండి. ఏదీ తాకకపోతే ఆ మాటే రాయండి. ప్రాజెక్టును నిర్వహించేవారు మొదట వెతికేది దీనికోసమే.

9. ఒక ప్రతిపాదనలో ఒకే మార్పు ఉంచండి. పేర్ల సవరణ, వేగం, కొత్త ఫీచర్ అన్నీ కలిపితే సమీక్షించేవారికి దేనివల్ల ఏం మారిందో తెలియదు.

మొదటిసారి పాల్గొనేవారికి ఒక సలహా. పెద్ద ఫీచర్‌తో మొదలుపెట్టనవసరం లేదు. అర్థం కాని లోపసందేశాన్ని తేటపరచడం, లేని పరీక్షను చేర్చడం, డాక్యుమెంటేషన్‌లో ఒక ఉదాహరణ రాయడం కూడా నిజమైన మెరుగుదలలే. ఉదాహరణకు, మన "కావేరి" లెక్కను తీసుకోండి. తెలుగు పేర్లు గల సందేశం బైట్లుగా మారి, మార్పు లేకుండా తిరిగి వస్తుందని చూపే పరీక్షను మీ కంప్యూటర్‌లో ఈ వారమే రాయవచ్చు.

14.7 సారాంశం

ప్రోటోకాల్ బఫర్లలో ఫీల్డు సంఖ్య, వైర్ టైపు కలిసి ట్యాగ్‌గా వెళతాయి. ప్రోస్ట్‌లో స్కీమా నుంచి పాఠ్యం రాసే పొర, మాక్రో పొర, లైబ్రరీ పొర అనే మూడు పొరలు ఉన్నాయి. జనరేటర్ బైట్ల ఒప్పందం, టైపుల ఒప్పందం, కాలపు ఒప్పందం అనే మూడింటికి కట్టుబడి ఉండాలి. లోతు హద్దు బైట్లను చదివే తీరును కొద్దిగా మార్చి భద్రతనిచ్చింది. ట్రైట్ల చేర్పు సౌకర్యాన్నిచ్చి, స్కీమా మార్పుల మీద కొంత భారం వేసింది. తెలియని ఫీల్డుల సమస్యలో ఒక మెరుగుదల మరో మెరుగుదలకు అడ్డు వస్తుంది. కోరినవారికి మాత్రమే ఇవ్వడం అక్కడ అనువైన దారి. కోడ్ రాయడం కన్నా ముందు, మార్పు ఎవరికి చేరుతుందో తెలుసుకోవడం జనరేటర్ పనిలో మొదటి అడుగు.

14.8 కీలక పదాలు

స్కీమా: సందేశంలోని ఫీల్డుల పేర్లు, టైపులు, సంఖ్యలను తెలిపే వివరణ.
వేరింట్: చిన్న సంఖ్యలకు తక్కువ బైట్లు వాడే పూర్ణాంక రచనా పద్ధతి.
ట్రైట్: ఒక టైపు ఏ పనులు చేయగలదో తెలిపే రస్ట్ ఏర్పాటు.
డెప్రికేటెడ్: ఇంకా పనిచేస్తున్నా, ఇకపై వాడవద్దని హెచ్చరించే గుర్తు.

14.9 'మీ అవగాహనను పరీక్షించుకోండి' – సమాధానాలు

1. (అ) (5 × 8) + 2 = 42. (ఆ) 500 = (3 × 128) + 116; కాబట్టి బైట్లు 244, 3.
2. (అ) కాపీ కుదురుతుంది, ఈక్యూ కుదరదు. (ఆ) వాడుకరి కొత్త కూర్పుతో స్కీమా నుంచి కోడ్‌ను మళ్ళీ తయారు చేసుకోవాలి.

14.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కోడ్ జనరేటర్ నిలబెట్టుకోవలసిన మూడు ఒప్పందాలను ఉదాహరణలతో వివరించండి.
2. తెలియని ఫీల్డులను కాపాడటానికి ఉన్న మార్గాలను పోల్చి, మీకు సరైనదిగా తోచిన మార్గాన్ని సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సున్నా మార్కులకూ, పరీక్ష రాయకపోవడానికీ తేడాను ఆప్షనల్ ఫీల్డు ఎలా కాపాడుతుంది?
2. డీకోడ్ లోతుకు హద్దు లేకపోతే కలిగే ప్రమాదం ఏమిటి?
3. ట్రైట్‌ను జనరేటరే చేర్చడం వల్ల పాత కోడ్ ఎందుకు చెడవచ్చు?